ఎడమ సగం

"కళ్లజోళ్ల షాపు బోర్డే ఇలా ఏడిస్తే, ఇక నా దగ్గర కళ్లజోడు ఎవడు కొంటాడండీ?" అని అరిచి, బోర్డుని ముందుగది గోడకి ఆనించి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు షాపాయన.

ఆయన వీధి మలుపు తిరిగాక పెద్దక్క బోర్డు దగ్గరికి వెళ్లింది.

పై వరసలో 'కళ్లజోళ్లు' అన్న మాట బాగానే ఉంది. గుండ్రాలు గుండ్రంగా, నీడలు నీడల్లా, ఎప్పటి చేతివాటమే. కింది వరస దగ్గరే కొంప మునిగింది. 'కంటి పరీక్ష ఉచితం' అన్నది బోర్డు నడిమధ్య మొదలైంది. ఎడమవైపంతా ఖాళీ. కుడివైపు చోటు చాలక చివరి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంలా ఉన్నాయి.

"చూశారుగా వదినా," అంది మరదలు. "పొద్దున్నే బస్సు దిగి వచ్చారు, కాఫీ అయినా తాగకముందే చూశారు. ఫోన్లో నేను చెబితే నమ్మారా?"

పెద్దక్క తమ్ముడి వైపు చూసింది.

తమ్ముడు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, పొడిగా ఉన్న కుంచెని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఊళ్లో అతన్ని అందరూ 'స్కేలు' అంటారు. స్కేలు పెట్టకుండా తిన్నగా గీత లాగుతాడని కుర్రతనంలో పడ్డ పేరు. జుట్టు సగం తెల్లబడినా పేరు మాత్రం ఊడలేదు.

"ఇది ఒక్కటే అనుకుంటున్నారా?" మరదలు వేళ్లు మడిచింది. "బేకరీ బోర్డు వెనక్కొచ్చింది. బడి గేటు మీద రాసింది వాళ్లే చెరిపేసుకున్నారు. కంటి డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్లాను. పోయిన వారం. 'కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి' అన్నాడాయన. మరి కళ్లు బాగుంటే లోపం ఎక్కడుంది? పని మీద మనసు లేదు. అంతే!"

"మనసు ఉంది," అన్నాడు స్కేలు, తల ఎత్తకుండా.

"ఉంటే ఇదేంటి?"

"చెయ్యి తడబడింది."

"చెయ్యి తడబడితే అక్షరం వంకర పోతుంది. అక్షరాలు బాగానే ఉన్నాయిగా! చోటే తప్పారు. తాగి రాసినవాడైనా ఇలా రాయడు."

"నేను తాగనని నీకు తెలుసు."

"తాగితే బావుండేది. కారణమైనా ఉండేది!"

ఆ మాటకి స్కేలు కుంచె పక్కన పెట్టేశాడు.

"వచ్చే సోమవారం నాటకశాల గోడ ఎక్కుతానంటున్నాడు వదినా మీ తమ్ముడు. మూడంతస్తుల ఎత్తు. పరంజా కట్టడం కూడా అయిపోయింది. ఈ చేత్తో, ఈ తీరుతో! మీరే ఆపాలి. మీ మాటయితే వింటాడు. చిన్నప్పటినుంచీ మీరే కదా మెచ్చుకుని మెచ్చుకుని నెత్తికెక్కించుకున్నారు."

పెద్దక్కకి ఆ మాట సూదిలా గుచ్చుకుంది. పైకి మాత్రం, "ముందు భోజనాలు కానీయవే. ఆకలి మీద ఏ తగువూ తెగదు," అంది.

* * *

భోజనాల దగ్గర ఎవరి కంచంలోకి వాళ్లు చూసుకుంటూ తిన్నారు. పెద్దక్క మాత్రం తమ్ముడిని చూస్తూ తింది.

ఆమె ఉద్యోగం చేసినన్నాళ్లూ చేసింది ఒకటే పని. మనిషైనా జంతువైనా ఎలా చూస్తుందో చూడటం. పరిశోధనశాల వదిలేసి చాలా కాలమైనా ఆ చూపు పోలేదు.

తమ్ముడు కుడిచేతి వైపున్న ఉప్పుగిన్నె చటుక్కున అందుకున్నాడు. ఎడమ వైపు మంచినీళ్ల గ్లాసు ఉంది. దాహం వేసినట్టుంది, గొంతు సవరించుకున్నాడు. తల ఎడమకి తిప్పి వెతికాడు. అప్పుడు గాని దొరకలేదు. ఇంకాసేపటికి మోచెయ్యి తగిలి ఆ గ్లాసే దొర్లింది.

నీళ్లు బల్ల మీద నుంచి మరదలి ఒళ్లోకి కారాయి.

"అదుగో!" అంది మరదలు. ఇంకేదో అనబోయి, పెదవి కొరుక్కుని, గుడ్డ కోసం లోపలికి వెళ్లిపోయింది.

"ఒరేయ్," అంది పెద్దక్క మెల్లగా. "చేతులు కడుక్కుని షెడ్డులోకి రా."

"ఎందుకు?"

"రమ్మన్నానా, రా."

* * *

పెరట్లో రేకుల షెడ్డు స్కేలు రాజ్యం. రంగు డబ్బాలు, ఎండిపోయిన కుంచెలు, గోడకి ఆనించిన నిచ్చెన. టర్పెంటైన్ వాసన గుప్పుమంది. పెద్దక్కకి ఆ వాసన తగలగానే ఎన్నో ఏళ్లు వెనక్కి నడిచినట్టయింది.

తలుపు దగ్గరగా వేసి, కిటికీకి గోనెపట్టా కట్టింది. వెలుగు పలచబడింది.

"నీ చీకటిగది గుర్తొస్తోందక్కా," అన్నాడు స్కేలు, స్టూలు లాక్కుని తలుపుకి ఎడమ భుజం పెట్టి కూర్చుంటూ. చాలాసేపటికి అతని మొహంలో నవ్వు కనిపించింది.

"నాకూ అదే గుర్తొచ్చింది."

ఆ రోజుల్లో పెద్దక్క కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. తమ్ముడు అప్పుడప్పుడే మీసం దువ్వుకుంటున్న పెయింటరు. పరిశోధనశాలలో ఓ గది ఉండేది, పట్టపగలు కూడా అమావాస్యే. మత్తులో పడుకున్న పిల్లి, దాని తల వెనక భాగంలోకి వెంట్రుక కంటే సన్నటి మొన ఉన్న తీగ, ఆ తీగ కొసన ఒక్క మెదడు కణం. ఆ కణం స్పందించినప్పుడల్లా స్పీకరులో చిటపటమని చప్పుడు వచ్చేది, మూకుట్లో మొక్కజొన్న పేలాలు వేగుతున్నట్టు.

పిల్లి కళ్లెదుట వెలుగు చుక్క పెడితే ఆ కణం పలికేది కాదు. గది అంతా దీపం వేసినా పలికేది కాదు. దానికి గీత కావాలి. అదీ ఏ గీత పడితే ఆ గీత కాదు, తనకి నచ్చిన వాలులో ఉండాలి. నిలువు గీతకి పలికే కణం అడ్డగీత వస్తే మొహం తిప్పుకునేది. దాని పక్కింటి కణానికి ఇంకాస్త ఏటవాలు గీత ఇష్టం. దాని పక్కదానికి ఇంకాస్త. కొన్ని మరీ పెంకివి. గీత కుడికి కదిలితే గోల చేసేవి, అదే గీత ఎడమకి కదిలితే ఉలుకూ పలుకూ లేదు.

ఆ గీతలు గీసిచ్చినవాడు స్కేలే. తెల్లటి అట్టముక్కల మీద నల్లటి పట్టీలు. అచ్చు వేయించినవి అంచులు మసకగా వచ్చాయని పెద్ద సారు విసుక్కుంటుంటే, పెద్దక్క తమ్ముడిని వెంటబెట్టుకొచ్చింది. ఒక్క పూటలో అన్ని వాలులూ గీసి పడేశాడు. సారు భూతద్దం పెట్టి చూసి, "ఇది చెయ్యా, స్కేలా?" అన్నారు. పేరు అక్కడే పుట్టింది.

"పిల్లికి నొప్పి పుట్టదు కదక్కా?" అని వచ్చినప్పుడల్లా అడిగేవాడు. "మెదడుకి నొప్పి తెలియదురా, మత్తులో కూడా ఉంది," అని ఆమె చెప్పినా, బయటికి పోయేముందు దాని పాదం మీద వేలితో ఓసారి నిమిరి పోయేవాడు.

మొదటిసారి తను గీసిన అట్టకి స్పీకరు చిటపటలాడినప్పుడు అతని మొహం చూడాలి!

"నా గీతకి జవాబు చెప్పిందక్కా!" అని చీకట్లో అరిచాడు. పెద్ద సారు కూడా తిట్టలేక నవ్వేశారు.

"ఆ తరవాత ఎంతమంది మెచ్చుకున్నా ఆ చప్పుడంత బాగా వినపడలేదు నాకు," అన్నాడు స్కేలు ఇప్పుడు. "కంట్లో పడ్డదాన్ని మెదడు ముందు గీతలు గీతలుగా విడగొట్టుకుంటుందని నువ్వు చెప్పావు చూడు, ఆ రోజు ఇంటికి నడుస్తూ అన్నీ గీతల్లానే చూశాను. కరెంటు తీగలు, మెట్లు, అమ్మ చీర అంచు... నేను చేసే పని, మెదడు చేసే పని ఒకటేననిపించింది."

"అవునురా." పెద్దక్క రంగు డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది. "సరే, ఇటు తిరుగు. నా ముక్కు మీదే చూపు నిలుపు. పక్కకి చూశావో, తంతాను."

స్కేలు నవ్వు ఆగిపోయింది. మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా కూర్చున్నారు.

ఆమె ఎర్రరంగు అంటిన కుంచె ఒకటి తీసుకుని, అతని కుడిచెవి దగ్గర్నుంచి ముందుకి జరిపింది.

"కనబడింది," అన్నాడు వెంటనే.

ఎడమచెవి దగ్గర్నుంచి జరిపింది. జరిపింది. ఇంకా జరిపింది. కుంచె తన ముక్కు ముందుకి వచ్చేదాకా అతను ఏమీ అనలేదు.

"ఆఁ... ఇప్పుడు."

"ఎడమకన్ను మూసుకో." మళ్లీ జరిపింది. అదే తీరు. "ఇప్పుడు కుడికన్ను మూసుకో."

ఈసారి తేడా ఉండాలని మనసులో మొక్కుకుంది. ఒక్క కన్నే చెడిపోయి ఉండాలని, కంటి డాక్టరుకే తెలియక వదిలేసి ఉండాలని కోరుకుంది. కుంచె మెల్లగా వచ్చింది, సరిగ్గా అదే చోటికి. అప్పుడన్నాడు, "ఇప్పుడు," అని.

పెద్దక్క కుంచె ఒళ్లో పెట్టుకుంది.

"ఏంటక్కా?"

"కళ్లు బాగానే ఉన్నాయిరా. ఆ డాక్టరు అబద్ధం చెప్పలేదు."

"మరి?"

"ఒక కన్ను పాడైతే ఆ కన్ను మూసుకున్నప్పుడు తేడా తెలియాలి. నీకు ఏ కన్ను తెరిచినా అదే సగం లేదు." ఆమె అతని తల వెనక, కుడివైపు, వేళ్లు ఆనించింది. "ఎడమవైపు లోకమంతా, రెండు కళ్లలోంచీ కలిసి, ఇక్కడికి వచ్చి పడుతుంది. ఇక్కడి కణాలు ఒక్కోటి ఒక్కో చిన్న ముక్కకి కాపలా. వాటికి రక్తం అందకుండా పోయింది. కాపలావాళ్లు లేరు. కన్ను పంపిస్తూనే ఉంది, అందుకునేవాళ్లు లేరు."

"మన పిల్లి కణాల్లాంటివేనా?"

"అవే."

స్కేలు తన చేతులకేసి చూసుకున్నాడు.

"అయితే నా గీతలకి జవాబు చెప్పేవాళ్లలో సగం మంది పోయారన్నమాట," అన్నాడు.

పెద్దక్క ఏడవకూడదనుకుంది. కోపం తెచ్చుకుంది. "ఎప్పుడు జరిగింది? నిజం చెప్పు. ఇలాంటిది ఒకరోజు ఉన్నట్టుండి వస్తుంది."

స్కేలు ఎండిన కుంచె ఒకటి అందుకుని వేళ్ల మధ్య తిప్పాడు.

"వానలు మొదలైనప్పుడు. ఒకరోజు పొద్దున తల దిమ్ముగా అనిపించి లేచాను. అద్దంలో చూసుకుంటే సగం మొహానికే సబ్బు కనబడింది."

"వానలప్పుడా! ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నావా? ఆ పూటే ఆసుపత్రికి పోయుంటే ఎంతో కొంత మిగిలేదేమో! రక్తం ఒకసారి అడ్డం పడింది, మళ్లీ పడదని ఏముంది?"

"చెబితే ఏమయ్యేది? నిచ్చెన లాక్కునేవారు. 'చాల్లే, ఇంట్లో కూర్చో' అనేవారు. కంప్యూటర్ బోర్డులు వచ్చాక చేత్తో రాసే పనే కరువు. ఇన్నేళ్లకి నాటకశాలవాళ్లు పిలిచారక్కా. కుర్రతనంలో గోడ మీద నేను రాసిన నాటకశాల పేరే వెలిసిపోయిందట. 'నువ్వే రాయాలి, వేరేవాడు వద్దు' అన్నారు. ఆ ఒక్క గోడా రాసేశాక చెబుదామనుకున్నాను."

"పరంజా మీద ఎడమవైపు అడుగు వేస్తే అక్కడ పలక ఉందో లేదో నీకు తెలియదురా!"

"తల తిప్పుకుంటూ చూసుకుంటాను. అలవాటైంది." అతను గొంతు తగ్గించాడు. "అక్కా, దానికి మాత్రం చెప్పకు. పైకి అరుస్తుంది గాని పిరికిది. నాకేదో అయిందని తెలిస్తే తిండి మానేస్తుంది. తిట్టుకోనీ. తిట్టేటప్పుడు కనీసం భయపడదు కదా."

పెద్దక్క గుమ్మం వైపు ఓరగా చూసింది.

తలుపు ఎప్పుడో తెరుచుకుంది. మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. తడిసిన కొంగు చేత్తో పట్టుకుని, స్కేలుకి ఎడమవైపు, నాలుగడుగుల దూరంలో. తెరిచిన తలుపులోంచి ఎండ కూడా పడుతోంది. అతనికి అవేవీ కనబడటం లేదు.

పెద్దక్క కళ్లు అటు పోనివ్వకుండా తమ్ముడి మొహం మీదే నిలిపింది. మరదలు రెండడుగులు లోపలికి వేసింది. కాళ్లకి చెప్పులు లేవు, చప్పుడు లేదు.

స్కేలు కనుబొమలు ముడిపడ్డాయి.

"అక్కా... అటు ఎవరైనా ఉన్నారా?"

"కనబడిందా?" పెద్దక్క ముందుకి వంగింది.

"లేదు. ఏమీ కనబడలేదు. ఏదో కదిలిందని మాత్రం అనిపించింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను."

ఇలా జరుగుతుందని ఆమె చదివింది గాని కళ్లారా చూడలేదు. పెద్ద దారి మూసుకుపోయినా కంటి నుంచి లోపలికి సన్నటి సందుదారులు కొన్ని ఉంటాయి. బొమ్మ రాదు, రంగు రాదు. కదలిక కబురు మాత్రం ఎప్పుడో ఒకసారి దొంగచాటుగా చేరుతుంది. చూసినట్టు చూసినవాడికే తెలియదు.

"నేనేనండీ," అంది మరదలు.

స్కేలు ఉలిక్కిపడి మెడ తిప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఆమె అరవలేదు. పెద్దక్క దానికే భయపడింది. కాని ఆమె వచ్చి నేల మీద, అతని స్టూలు పక్కన కూలబడింది. మళ్లీ ఎడమవైపే.

"ఇక్కడ కూర్చుంటే కనబడనా?"

"తల తిప్పితే కనబడతావు."

"తిప్పకపోతే?"

అతను తల దించుకున్నాడు.

"మంచం మీద నాది ఎడమ పక్క," అంది మరదలు. "భోజనాల దగ్గర కూడా ఎడమే. స్కూటరు మీద నుంచి దిగి నడిచినా ఎడమే, రోడ్డు వైపు మీరుంటానంటారని. నేను మాట్లాడుతుంటే ఎటో చూస్తున్నారని... నా మొహం చూడటం మానేశారని..." ఆమె తడికొంగు పిండుకుంది. "విసుగొచ్చానేమో అనుకున్నాను. ఈ వయసులో ఎవర్ని అడగను? వదినకి ఎలా చెప్పను? బోర్డుల మీద పెట్టి తిట్టాను."

"పిచ్చిదానా," అన్నాడు స్కేలు. ఆమె చేతిని వెతికాడు. ఒకసారి గాలిలో తడిమి, రెండోసారి పట్టుకున్నాడు.

పెద్దక్క లేచి కిటికీ గోనెపట్టా విప్పింది. విప్పడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపే తీసుకుంది.

"పదండి," అంది వెనక్కి తిరక్కుండానే. "ఆటో పిలుస్తాను. ఈ పూటే తల ఫోటో తీయించాలి."

"వస్తానక్కా," అన్నాడు స్కేలు బుద్ధిగా. "ఒక్కటి చెప్పు. ఆ సగం మళ్లీ వస్తుందా?"

ఆ కణాలు ఏ వాలు గీతకి పలుకుతాయో, ఏ పక్కకి కదిలితే పలుకుతాయో ఆమెకి తెలుసు. ఈ ప్రశ్నకి మాత్రం చీకటిగదిలో ఎన్నడూ జవాబు రాలేదు.

"అంచుల దగ్గర కొంచెం రావచ్చు. ఇంత కాలమయ్యాక పూర్తిగా... రాదనుకోరా."

అతను తల ఊపాడు. "సరే. మరి సోమవారం?"

"సోమవారం ఏంటి?"

"గోడ."

"గోడా లేదు, గీడా లేదు," అనాల్సింది మరదలు. పొద్దుటినుంచీ ఆమె అంటున్నదే అది. పెద్దక్క ఆమె వైపు చూసింది. మరదలు కళ్లు తుడుచుకుని లేచింది.

"రాస్తారు," అంది.

"ఏంటే?"

"ఆసుపత్రికి వెళ్దాం. మందులిస్తే వేసుకుంటారు. డాక్టరు ఎన్నాళ్లు ఆగమంటే అన్నాళ్లు ఆగమని నాటకశాలవాళ్లని బతిమాలుకుంటాను. తరవాత పరంజా ఎక్కుతారు. ఎడమ పక్కన నేను నిలబడతాను. అడుగు ఎక్కడ వెయ్యాలో, వరస ఎక్కడ మొదలెట్టాలో నేను చెబుతాను."

"నీకు పరంజా ఎక్కడం వచ్చా?"

"నేర్చుకుంటాను."

స్కేలు మొహం వెలిగింది. ఆ వెలుగుతోనే అక్క వైపు తిరిగాడు. ఇక ఆమె అవుననడమే తరువాయి.

"వద్దు," అంది పెద్దక్క.

ఇద్దరూ ఆగిపోయారు.

"ఆసుపత్రి తరవాత కూడా వద్దు. ఎప్పటికీ వద్దు. మూడంతస్తుల మీద మళ్లీ ఒకసారి రక్తం అడ్డం పడితే, పక్కన ఎవరు నిలబడి ఏం లాభం? ఇద్దరూ పడతారు. బోర్డులు నేల మీద కూర్చుని రాసుకో. గోడ మాత్రం ఎక్కనివ్వను."

స్కేలు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు, మొట్టమొదటిసారి చూస్తున్నట్టు.

"నువ్వా అక్కా?" అన్నాడు చివరికి. "ఎవరన్నా అనుకుంటాను. నువ్వా ఈ మాట అనేది?"

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. అతను వినడానికి ఆగలేదు. భార్య భుజం మీద చెయ్యి వేసుకుని లేచాడు. ఆమె ఎడమవైపు నుంచి అతన్ని పొదివి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో గుమ్మమే దాటుకుంటూ పెరట్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వీధిలోకి వెళ్లారు. మరదలే చెయ్యెత్తి ఆటో ఆపింది.

షెడ్డు గుమ్మంలో నిలబడి పెద్దక్క ఆటో చప్పుడు దూరమయ్యేదాకా విన్నది.

రమ్మని ఆమెని ఎవరూ పిలవలేదు.